ఎక్కడ ఉంచితే అక్కడ: ‘ధా’ ధాతువూ, దాని సంతతీ



ఆహ్వానపత్రికలో ఈ ప్రసంగాన్ని ‘ధర్మనిధి ఉపన్యాసం’ అన్నారు. పత్రిక చేతికి అందగానే నాకు విషయం దొరికిపోయింది. నిధి అనే మాటను విప్పితే ‘ని’ ఉపసర్గ, ‘ధా’ ధాతువు, ‘కి’ ప్రత్యయం. మనం ఎవరి పేరు మీద ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు ఓరియంటల్ కాలేజీలో మాకు జుహోత్యాది గణం చెప్పేటప్పుడు ఈ ధాతువు దగ్గరే ఆగిపోయేవారు. సిలబస్ పూర్తి కాదేమోనని మేం గొణిగితే, “ఇది వస్తే తక్కినవి వాటంతటవే వస్తాయిరా” అనేవారు. తక్కినవి వాటంతటవి రాలేదనుకోండి. కానీ ఇది మాత్రం వచ్చింది.

నా వాదం మొదటే చెప్పేస్తాను. ధాతువు ముందు పుట్టిందనీ, దాన్నుంచి మాటలు మొలిచాయనీ మనకు చిన్నప్పుడే నూరిపోస్తారు. నిజానికి జనం నోట మొదట ఉన్నవి మాటలే. వైయాకరణులు వాటిని పక్కపక్కన పెట్టి చూసి, అన్నిట్లోనూ ఉమ్మడిగా మిగిలిన ముక్కకు ధాతువని పేరు పెట్టారు. అది మహా గొప్ప పని, సందేహం లేదు. అయితే ధాతువు అర్థం తెలిసింది కాబట్టి మాట అర్థం కూడా తెలిసిపోయిందన్న ధీమా మాత్రం పనికిరాదు. ధా విషయంలో మరీ పనికిరాదు.

పాణినీయ ధాతుపాఠంలో రమారమి 2,000 ధాతువులు, 10 గణాలు. మూడో గణమైన జుహోత్యాదిలో పాతిక లోపే ఉన్నాయి. అందులో మనది ‘డుధాఞ్’ అని కనిపిస్తుంది. ముందున్న డు, వెనకున్న ఞ్ పలకడానికి కావు, గుర్తులు. ఞ్ ఉంది కనక ఇది ఉభయపది: దధాతి అనీ చెప్పవచ్చు, ధత్తే అనీ చెప్పవచ్చు. డు అన్న గుర్తు ఉన్న ధాతువులకు ‘త్రిమ’తో ముగిసే రూపం వస్తుంది. డుకృఞ్ నుంచి వచ్చిన కృత్రిమం మనకు బాగా తెలిసిన ఉదాహరణ. గుర్తుల సంగతి అంతే. అర్థం దగ్గరే తంటా. ధారణం, పోషణం అని ధాతుపాఠం రెండు అర్థాలు ఇస్తుంది. దానం కూడా ఉందని కొందరి పాఠం. మరి నిధి, సంధి, పరిధి, పురోహితుడు, వీటన్నిట్లో స్పష్టంగా కనబడే ‘ఉంచడం, పెట్టడం’ ఏదీ? ఆ పట్టికలో లేనే లేదు. ధాతుపాఠంలోని అర్థనిర్దేశాలు పాణినివి కావనీ, భీమసేనుడనే ఆయన తర్వాత చేర్చాడనీ ఒక సంప్రదాయం ఉంది. ఎవరు చేర్చినా అవి సూచనలే తప్ప సరిహద్దు రాళ్లు కావు. ధాతువులకు అనేక అర్థాలుంటాయని పతంజలి మహాభాష్యంలో తేల్చేశాడు. అంచేత నిఘంటువు తెరిచి, ధారణపోషణలు చూసి, వాటిలోంచి నిధిని ఎలాగైనా లాగాలని కుస్తీ పట్టకండి.

ఇప్పుడు రూపాల దగ్గరికి వద్దాం. దధాతి, ధత్తః, దధతి. ఏకవచనం, ద్వివచనం, బహువచనం. మాస్టారు ఈ మూడింటినీ మాచేత వల్లె వేయిస్తూ ఒత్తు ఉన్న అక్షరం దగ్గర బల్ల మీద వేలితో కొట్టేవారు. వేలు మొదటిదాంట్లో రెండో అక్షరం మీద పడుతుంది, రెండోదాంట్లో మొదటి అక్షరం మీద పడుతుంది, మూడోదాంట్లో మళ్లీ రెండో అక్షరానికి పోతుంది. ఒత్తు ఎందుకలా అటూ ఇటూ తిరుగుతోంది?

జుహోత్యాది ధాతువులకు ద్విత్వం వస్తుంది. ధా ధా అయింది. మొదటి ముక్కకు అభ్యాసమని పేరు. దాని అచ్చు కురచబడుతుంది: ధ ధా. అభ్యాసంలో మహాప్రాణం నిలవదని పాణిని నియమం, కాబట్టి ద ధా. దానికి ‘తి’ చేరి దధాతి. ఇంతవరకు సాఫీ. ద్వివచనంలో ‘తస్’ వచ్చేసరికి ధాతువులోని ఆకారం లోపిస్తుంది. దధ్ + తస్ మిగిలింది. ధకారం పక్కన తకారం వస్తే మామూలుగా ఏం జరగాలి? బుధ్ + త అన్నప్పుడు బుద్ధ అయింది కదా. ఒత్తు ముందుకు గెంతి తకారం మీద కూర్చుంది. ఆ లెక్కన ఇక్కడ దద్ధః కావాలి. పాణిని ఆ సూత్రంలోనే ‘అధః’ అని ఒక్క మాట వేసి, ధా ధాతువును మినహాయించాడు. దీనికి వేరే సూత్రం పెట్టాడు. త, థ పరమైనప్పుడు ధా రూపంలో ఒత్తు వెనక్కి పోయి అభ్యాసంలోని దకారం మీద పడుతుంది: ధత్తః. బుద్ధలో ముందుకు, ధత్తలో వెనక్కి. బహువచనంలో ‘అతి’ వస్తుంది. అది అచ్చు కనక ఒత్తుకు ఇబ్బంది లేదు, ఉన్నచోటే ఉంటుంది: దధతి.

ఒకే ఒక్క ధాతువు కోసం సూత్రం ఖర్చు పెట్టినందుకు పాణిని పొదుపుతనాన్ని శంకించేవాళ్లుండవచ్చు. అసలు కారణం 1863లో బయటపడింది. హెర్మన్ గ్రాస్‌మన్ అనే జర్మన్ బడిపంతులు, వృత్తికి లెక్కల మాస్టారు, ఋగ్వేదానికి నిఘంటువు కూడా రాసినవాడు, గ్రీకునూ సంస్కృతాన్నీ కలిపి ఒక సూత్రం ప్రతిపాదించాడు. వరస అక్షరాల్లో రెండు మహాప్రాణాలు ఉంటే మొదటిది ఒత్తు పోగొట్టుకుంటుందన్నాడు. గ్రీకులో మన దధాతికి సాటి వచ్చే క్రియ ‘తిథేమి’, అంటే ఉంచుతున్నాను అని. అక్కడా అంతే, ‘థి-థే’ కావలసింది ‘తి-థే’ అయింది. రెండో ఒత్తు ఏ కారణం చేతనో పోతే, మొదటిదానికి తన ఒత్తు తనకు తిరిగి వస్తుంది. ధత్తః అంటే అదే. పాణిని దీన్ని కారణంగా చెప్పలేదు, ఫలితంగా చెప్పాడు. ఆయన పని వివరించడం కాదు, తప్పిపోకుండా నమోదు చేయడం. ఆ నమోదు లేకపోతే గ్రాస్‌మన్ వంటివారి పని అంత సులువయ్యేది కాదు.

తిథేమి దగ్గరికి వచ్చాం కాబట్టి బంధువుల్ని పలకరిద్దాం. యూనివర్సిటీలో మనవాళ్లు ఏళ్ల తరబడి రాసే థీసిస్ ఆ గ్రీకు క్రియ నుంచి వచ్చిందే, దాని మొదటి అర్థం ‘పెట్టడం’. హైపోథిసిస్‌లోని హైపో మన ‘ఉప’కు బంధువు. రిజిస్ట్రారు ఆఫీసులో సేల్ డీడ్ అంటామే, ఆ డీడ్‌దీ అదే మూలం. లాటిన్‌లో ఇది ‘చేయడం’ అయి, ఫ్యాక్టు, ఫ్యాక్టరీ అనే మాటలకు పుట్టిల్లయింది. అన్నిటికన్నా నాకు ముచ్చటైనది క్రెడిట్. లాటిన్‌లో ‘క్రేదో’ అంటే నమ్ముతున్నాను అని. అక్షరానికి అక్షరం మన శ్రద్ధ. శ్రత్ + ధా. శ్రత్ అంటే ఏమిటన్నది పాత ప్రశ్న. వైదిక నిఘంటువులో సత్యవాచకాల్లో ఒకటిగా చెప్పారు కనక మనవాళ్లకు శ్రద్ధ అంటే సత్యాన్ని నిలపడం. పాశ్చాత్యుల్లో చాలామంది దాన్ని హృదయవాచకమంటారు, కొందరు ఒప్పుకోరు. ఏదైనా, కఠోపనిషత్తులో నచికేతుడిలో ప్రవేశించిన శ్రద్ధా, నెలాఖరున మనల్ని నిద్రపోనివ్వని క్రెడిట్ కార్డూ ఒకే ఇంటి ఆడపడుచులు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పోలికలు వినగానే “చూశారా, ఇంగ్లీషు కూడా మన సంస్కృతం నుంచే పుట్టింది” అని వాట్సాప్‌లో పెట్టేవాళ్లు ఈ సభలోనూ ఉండవచ్చు. దయచేసి పెట్టకండి. క్రెడిట్ శ్రద్ధకు కూతురు కాదు, తోబుట్టువు. ఇద్దరి తల్లి రాతలోకి ఎక్కకముందే గతించింది. పోలికను బట్టి ఆవిడ రూపురేఖలు ఊహించుకోవడమే మన వంతు.

ధా సంతతిలో పోలికలే పోల్చుకోలేనంతగా మారిపోయిన బిడ్డ హిత. క్త ప్రత్యయం పరమైతే ధాకు ‘హి’ ఆదేశమవుతుందని పాణిని సూత్రం. ధా ఎక్కడ, హి ఎక్కడ! దీన్ని దండం పెట్టి ఒప్పుకోవడమే తప్ప దారి లేదని చదువుకునే రోజుల్లో అనుకునేవాణ్ణి. దారి పాణినే చూపించాడు. అదే పాదంలో కొద్ది సూత్రాల తర్వాత, వేదంలో సుధిత, వసుధిత, నేమధిత అన్న రూపాలుంటాయని చెప్పాడు. అంటే ‘ధిత’ పాతది. దానిలో నోటి స్పర్శ సడలిపోయి ఊపిరి ఒక్కటే మిగిలితే ‘హిత’. సంస్కృతంలో ‘ఇహ’ అయిన మాట పాళీలో ‘ఇధ’గానే ఉండటం ఇలాంటిదే. మరి ఆ హ్రస్వ ఇకారం ఎక్కడిది? స్థాకు స్థిత, మాకు మిత, ధాకు ధిత. ఈ జంటలనూ, వీటికి సాటివచ్చే గ్రీకు రూపాలనూ ముందు పెట్టుకుని, భాషాశాస్త్రవేత్త సొస్యూర్ తన ఇరవయ్యొకటో ఏట, 1879 తేదీతో అచ్చయిన పుస్తకంలో, ఈ దీర్ఘాల వెనక ఏ భాషలోనూ మిగలని ధ్వనులు ఉండేవని లెక్క కట్టాడు. నవ్వినవాళ్లు నవ్వారు. అనటోలియా మట్టిపలకల మీది హిట్టైటు భాష చదవడం వచ్చాక, అలాంటి ధ్వనుల్లో ఒకదాని జాడ అందులో ఉందని 1927లో మరో భాషాశాస్త్రవేత్త కురిలోవిచ్ చూపించాడు. మన హితం, అహితం అనే మాటల్లోని పొట్టి ఇకారం అంత పాత బాకీ.

హిత అంటే ఉంచబడినది. ముందు ఉంచబడినవాడు పురోహితుడు. దగ్గరగా ఉంచబడినవాడు సన్నిహితుడు. తగిన చోట ఉంచినది కనక హితం మేలయింది. ఋగ్వేదపు మొట్టమొదటి మంత్రంలో అగ్నికి వేసిన విశేషణాల్లో మొదటిది పురోహిత, చివరిది రత్నధాతమ. రెండూ ధా పిల్లలే. కలిపి ఉంచినది సంహిత. ఈ సంహితలోనే ‘సమ్’లోని మకారం వికల్పంగా లోపిస్తే సహిత. దాని భావం సాహిత్యం. శబ్దార్థాలు రెండూ కలిసి ఉంటే కావ్యమన్నాడు ఆలంకారికుడు భామహుడు. పొద్దున లేస్తే సాహిత్య సభలకు వెళ్లే మనం ధా ఇంట్లోనే తిరుగుతున్నామన్నమాట. శ్రద్ధతో చేసేది శ్రాద్ధమనే వ్యుత్పత్తి మీకు నేను చెప్పనక్కర్లేదు. స్మారకోపన్యాసాలు ఆ కోవలోకి వస్తాయా రావా అన్నది మీ భోజన ఏర్పాట్లను బట్టి ఉంటుంది.

ఇక ‘ధి’తో ముగిసేవి. ఉపసర్గ ముందుంటే దా, ధాలకు ‘కి’ ప్రత్యయం వస్తుంది. దా, ధా రూపాలున్న ధాతువుల జట్టుకు పాణిని ‘ఘు’ అని ముద్దుపేరు పెట్టాడు. ఆకారం పోయి ఇకారం మిగిలి విధి, సంధి, ఆధి, అవధి, పరిధి, సన్నిధి, ప్రతినిధి వరసగా వచ్చేస్తాయి. ఉపసర్గ బదులు కర్మపదం ముందుంటే జలధి, పయోధి, ఇషుధి. నీళ్లను ఉంచుకున్నది సముద్రం, బాణాలను ఉంచుకున్నది అమ్ములపొది. ఇవన్నీ పుంలింగాలని లింగానుశాసనం. ఇషుధికి మాత్రం స్త్రీలింగం కూడా ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆడపిల్లలకు నిధి అని పేరు పెడుతున్నారు. పేరు బాగానే ఉంది, పాణిని వచ్చి అడిగేది లేదు.

ఈ మాటలు మొదట ఎంత చేతికందే వస్తువుల్లో తిరిగాయో చూడండి. పరిధి అంటే యజ్ఞంలో అగ్ని చుట్టూ పేర్చే మూడు పచ్చి కర్రలు. తర్వాత వృత్తానికి చుట్టుకొలత అయింది. ఇప్పుడు “ఈ కేసు మా స్టేషన్ పరిధిలోకి రాదు” అనే చోటికి చేరింది. భోజనం ముగిశాక పట్టే ఉత్తరాపోశనంలో వినబడే అపిధానం అంటే మూత, అంతే. దాని అకారం పోయి పిధానం కూడా అయింది. ఉపధానం తలగడ. కౌటిల్యుడి అర్థశాస్త్రం తెరిస్తే ధా పరివారమంతా ఉద్యోగాల్లో కనిపిస్తుంది. పన్నులు పోగుచేసేవాడు సమాహర్త, ఆయన హృ ధాతువు మనిషి. పోగైనదాన్ని కోశాగారంలో భద్రపరిచేవాడు సన్నిధాత, మనవాడు. నమ్మకం మీద దాచుకోమని ఇచ్చిన సొమ్ము ఉపనిధి. మంత్రుల నిజాయతీని రహస్యంగా పరీక్షించే ఉపాయం ఉపధ. గూఢచారుల్ని పెట్టడం ప్రణిధి. తాకట్టు ఆధి. అమరకోశం ప్రకారం మనోవ్యథ కూడా ఆధే. తాకట్టు పెట్టినవాడికి ఈ రెండర్థాలకూ పెద్ద తేడా కనిపించదు. ఆధికి ‘వి’ చేరితే వ్యాధి.

ఉపాధి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను మొదట్లో అన్న ధీమా పూర్తిగా బోల్తాపడే చోటు ఇదే. న్యాయదర్శనంలో ఉపాధి అంటే అనుమానాన్ని, అంటే తార్కిక నిర్ధారణను, చెడగొట్టే షరతు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? తడికట్టె ఉంటేనే. ఆ తడికట్టె ఉపాధి. వేదాంతంలో ఉపాధి అంటే అఖండమైనదాన్ని ఖండంగా చూపించేది, ఆకాశానికి కుండలాగా. అక్కడినుంచి తత్త్వాల్లో ఈ దేహమే ఉపాధి అయింది. హిందీలో ఉపాధి అంటే డిగ్రీ, బిరుదు. తెలుగులోనో? బతుకుతెరువు. కాబట్టి ఢిల్లీలో ఉపాధి వచ్చాక మన ఊళ్లో ఉపాధి వెతుక్కునే కుర్రాళ్లు లక్షణంగా ఉంటారు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అప్పటినుంచి పల్లెల్లో “ఉపాధికి పోయాం” అంటే చెరువు పూడిక తీయడానికో, కాలువ పనికో వెళ్లారని అర్థం.

తెలుగువాళ్లు వేదాంతపు మాటను మట్టిపనికి దించేశారని ఒక పండితుడు నాతో బాధపడ్డారు. ఆయన అమరకోశం సరిగా చూడలేదు. అమరసింహుడు కుటుంబ పోషణలో తలమునకలైనవాణ్ణి అభ్యాగారికుడు అని, ఉపాధి అని కూడా అన్నాడు. ఇల్లు గడపడానికి పాటుపడేవాడు ఉపాధి! పార చేతపట్టి ఎండలో గట్టు వేస్తున్న బండ్లపల్లి మనిషికి ఆ మాట అక్షరాలా సరిపోతుంది. మన వాడుక దీన్నుంచే తిన్నగా దిగివచ్చిందని నేను పందెం కాయను గాని, తడికట్టె కన్నా ఇదే దగ్గరి చుట్టమని నా అభిప్రాయం. ధాతుపాఠం చెప్పిన పోషణార్థానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

తెలుగువాళ్లు ధాకు చేసిన అసలైన సేవ అవధానం. అవ + ధా, మనసును ఒక చోట పెట్టడం. వేదం వల్లె వేసినవారికి అవధాని అన్నది బిరుదై, తర్వాత ఇంటిపేరైంది. సభలో ఎనిమిదిమంది, నూరుమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడుగుతుంటే మనసును అన్ని చోట్లా పెట్టి పద్యం చెప్పడాన్ని ఒక కళగా పెంచి, ఊరూరా తిప్పి, జనానికి పిచ్చి పట్టించినవాళ్లు తిరుపతి వేంకట కవులు. ఇందులో తమాషా ఏమిటంటే అవధానంలో ఉన్నది ధా, చివర ఆ పద్యాలన్నీ ఏకబిగిన అప్పజెప్పే ధారణలో ఉన్నది ధృ. పృచ్ఛకుడు ఇచ్చే దత్తపదిలో ఉన్నది దా. అవధికి కూడా అవ + ధా అవయవాలే. ప్రత్యయం ఒక్కటే మారింది. ‘అన’ అనే ల్యుట్ వస్తే ఏకాగ్రత, కి వస్తే హద్దు. ఈ తేడా ప్రత్యయార్థంలోంచి తీసి చూపించమంటే ఎవరి తరమూ కాదు. వాడినవాళ్లు అలా వాడారు.

సమాధానమూ అలాగే. శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం అని వేదాంతులు చెప్పే ఆరింటిలో చివరి రెండూ ధా పుత్రికలే. అక్కడ సమాధానమంటే చిత్తం కుదురుకోవడం. మనకు ప్రశ్నకు జవాబు. తెలుగు బైబిల్లో అదే మాట శాంతి. చర్చిలో “మీకు సమాధానము కలుగును గాక” అన్న ధోరణి మాటలు విని, జవాబు దొరకాలని దీవిస్తున్నారనుకున్న పిల్లలుంటారు. సంస్కృతానికి దగ్గరగా ఉన్నది చర్చి వాడుకే. సమాధి సంగతి మరీ చిత్రం. యోగంలో చివరి మెట్టు, తెలుగులో గోరీ. సన్యాసుల్ని దహనం చేయకుండా కూర్చోబెట్టి పూడ్చడం, వారు సమాధి పొందారనడం, ఆ చోటునే సమాధి అనడం, దారి స్పష్టంగానే ఉంది.

ల్యుట్ రూపాల్లో 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అందరికన్నా ఎక్కువ నలిగింది రాజధాని. రాజులను ఎక్కడ ఉంచుతారో అది రాజధాని. అధికరణార్థంలో ల్యుట్, పైన స్త్రీప్రత్యయం. ఎక్కడ ఉంచాలి అన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. ఇంతకు మించి మాట్లాడితే ఇది వేరే సభ అవుతుంది.

దా, ధా కవల పిల్లల్లా ఉండటం వల్ల మన అచ్చులో రోజూ ఒక గొడవ. ఏ బడి వార్షికోత్సవానికైనా వెళ్లండి, ఫ్లెక్సీ మీద ‘బహుమతి ప్రధానోత్సవం’ అని ఉంటుంది. ఇవ్వడం ప్రదానం, దా ధాతువు. ముఖ్యమైనది ప్రధానం, మన ధా. ఫ్లెక్సీ కుర్రవాణ్ణి అడిగితే, ఒత్తు లేకపోతే నిండుగా ఉండదండీ అన్నాడు. పెళ్లి సంబంధం ఖాయమయ్యాక తొడిగే ప్రధానపు ఉంగరంలోని ఒత్తు కూడా ఇలా నిండుదనం కోసం వచ్చిందేనని నా అనుమానం, అక్కడ జరిగేది వాక్ప్రదానం కదా. అయితే ఇది అచ్చుతప్పు కాదు, తరాల వాడుక. దిద్దబోవడం అనవసరం.

ధాలాగా కనబడి ధా కానివి కూడా ఉన్నాయి. ఉపాధ్యాయుడిలో ఉపాధి లేదు. అది అధి + ఇ, చదవడం. జీతాల సంగతి తలచుకుని ఉపాధ్యాయ సంఘాలవారు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. ధేనువు పాలు తాగడమనే ధేట్ ధాతువుది. ధాత్రి దగ్గర మాత్రం సంప్రదాయమే తలుపు తెరిచిపెట్టింది. పాణిని సూత్రంలోని ‘ధః’ ధా, ధేట్ రెండింటికీ చెల్లుతుందని ఆ సూత్రాల వ్యాఖ్య కాశికావృత్తి చెబుతుంది. పాలిచ్చే దాది ధాత్రి, ఉసిరిక కూడా ధాత్రి.

చివర్లో చెప్పుకోవలసినది ధాతువు అనే మాటే. సేతువు, తంతువు తయారైన ఉణాది సూత్రంలోనే ధా + తున్ కలిసి ధాతువు తయారైంది. ఉంచేది, నిలబెట్టేది, మూలద్రవ్యం. శరీరంలో రసరక్తాదులు ఏడు ధాతువులు. కొండల్లో గైరికాదులు ధాతువులు. పాత తెలుగులో వైద్యుడు నాడి పట్టుకుంటే ధాతువు చూడటం అనేవారు. బౌద్ధులకు ధాతువు బుద్ధుడి శరీరావశేషం. దాన్ని లోపల దాచుకున్న కట్టడం ధాతుగర్భం, సింహళంలో దాగబ. మూడో శతాబ్దిలో ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే మన నాగార్జునకొండలో, వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో చాంతిసిరి అనే రాజవంశపు స్త్రీ మహాచైత్యం దగ్గర నిలిపించిన ఆయక స్తంభాల ప్రాకృత శాసనాల్లో ‘ధాతువర’ అన్న మాట ఉంది. వైయాకరణుల ధాతువు ఈ వరసలో ఒకటి, అంతే. ఖనిజం పేరో, అవశేషం పేరో అరువు తెచ్చుకుని వాళ్లు తమ పనిముట్టుకు పెట్టుకున్నారు.

ధా నుంచే వచ్చిన ధాత కూడా ఉంది, మన అరవై సంవత్సరాల్లో పదోది. పోషించేవాడు అని అర్థం. 1876లో వచ్చిన ధాత సంవత్సరంతో మొదలై 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని, అందులో మన రాయలసీమను ఎండబెట్టిన కరువుకు జనం పెట్టిన పేరు ధాత కరువు. తమిళులు కూడా దాన్ని ఆ ఏటి పేరుతోనే పిలుస్తారు. ధారణపోషణలని వల్లె వేసే విద్యార్థికి నేను ఈ ఉదాహరణ కూడా చెబుతాను. ధాతువుకు ఉన్న అర్థం జనానికి ఆ ఏడు అన్నం పెట్టలేదు, మాట మాత్రం ఆ అన్నం లేనితనానికే పేరై నిలిచిపోయింది.

విద్యార్థులున్నారు కనక ఒక పని అప్పగించి ముగిస్తాను. తెలుగు ఈ ధాతువును క్రియగా వాడుకున్న తీరు చూడండి. మనకు దధాతితో పనిలేదు. విధికి ‘ఇంచు’ చేర్చి విధించాం, సంధికి చేర్చి సంధించాం. పన్ను విధిస్తాం, శిక్ష విధిస్తాం. బహుమతిని మాత్రం విధించం. రాముడు బాణం సంధించాడు, విలేకరులు ప్రశ్నలు సంధిస్తారు. రెండు దేశాలు సంధి చేసుకుంటాయే గాని సంధించుకోవు. ఉత్తరం చివర ‘విధేయుడు’ అని సంతకం పెడతాం, కానీ ‘విధించబడినవాణ్ణి’ అని ఎవరూ రాయరు. ఇలాంటి మాటల్ని పత్రికల్లోంచి, కోర్టు కాగితాల్లోంచి, సంతలోంచి ఏరుకు రండి. ధాతుపాఠం పక్కన పెట్టి చూడండి. ‘ఘు’ జట్టులోని దాను నేను ముట్టుకోలేదు. దాన్ని వచ్చే ఏటి ఉపన్యాసకులకు వదిలేస్తున్నాను.